నౌకానాయకుడి ప్రేమలు, నటుడి తూనికరాళ్ళు

నాయకుడి ప్రేమలను లెక్కపెట్టి నటుడి విలువ కట్టే ఆచారమొకటి నేటి విమర్శలో బాగా వేళ్ళూనుకొన్నది. దీనికి మిక్కిలి ప్రసిద్ధమైన ఉదాహరణ వ్యోమనౌకా నాయకుల కథలలో కనబడుతుంది. 1966లో అమెరికన్ టెలివిజన్‌లో ‘స్టార్ ట్రెక్’ ఆరంభమైనది. అందులో కెప్టెన్ కర్క్‌గా విలియం షాట్నర్ మూడు సంవత్సరాలు నటించాడు. 1987లో అదే లోకానికి చెందిన మరొక కథలో కెప్టెన్ పికార్డ్‌గా పాట్రిక్ స్టూవర్ట్ వచ్చి ఏడు సంవత్సరాలు నిలిచాడు. అప్పటినుండి ఈ ఇద్దరిలో ఎవరు గొప్ప అనే వాదం సాగుతూనే వున్నది. భారతదేశంలో కూడా ఈ కథలను చూచి పెరిగినవారు ఆ వాదాన్ని అదే రూపంలో అరువు తెచ్చుకొన్నారు.

ఒక పక్షంవారి మాట ఇది: కర్క్ ప్రతి గ్రహంలోనూ ఒక స్త్రీని వలచినవాడు, షాట్నర్ వాక్యాన్ని మధ్యలో తుంచి, ఊపిరి బిగబట్టి, చేతులు చాచి మాట్లాడే అతి నటుడు, పికార్డ్ నిగ్రహశీలి, కనుక స్టూవర్ట్ మేలైన నటుడు. రెండవ పక్షంవారు దీనినే తలక్రిందులు చేస్తారు: కర్క్‌లో రక్తమాంసాలున్నవి, పికార్డ్ ఉపన్యాసాలు చెప్పే చల్లని విగ్రహం. పరస్పరం శత్రువులుగా కనబడే ఈ రెండు పక్షాలూ ఒకే పొరపాటు మీద నిలిచి వున్నవి. పాత్ర శీలాన్ని, పాత్ర ప్రేమవ్యవహారాన్ని, నటుడి అభినయాన్ని మూడింటినీ ఒకే మూటగా కట్టి తూచడమే ఆ పొరపాటు.

మన ఆలంకారికులు ఈ మూటను ఏనాడో విప్పిపెట్టారు. కాకతీయ ప్రతాపరుద్రుని ఆస్థానంలో విద్యానాథుడు రచించిన ‘ప్రతాపరుద్రీయం’ నాయక ప్రకరణాన్ని తిరగవేస్తే చాలు. ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు అని నాయకులను స్వభావాన్నిబట్టి నాలుగు విధాలు చేశారు. అనుకూలుడు, దక్షిణుడు, ధృష్టుడు, శఠుడు అని శృంగారంలో వారి నడవడినిబట్టి వేరే నాలుగు విధాలు చేశారు. మొదటి పట్టికలో ఉన్నతస్థానం వున్నవాడు రెండవ పట్టికలో ఏకపత్నీవ్రతుడే కావాలని నియమం లేదు. ఇక నటుడి సంగతి ఈ రెండు పట్టికలలోనూ లేదు. దానికి ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అనే నాలుగు అభినయాలు ప్రత్యేకంగా ఏర్పడి వున్నవి. మూడు త్రాసులు వున్నచోట ఒకే త్రాసుతో తూచేవాడిని అంగడిలో ఎవరూ మన్నించరు. విమర్శలో మాత్రం వానికి వేదిక దొరుకుతున్నది.

నౌకానాయకుడికి రేవుకొక ప్రియురాలు వుంటుందనే మాట ఎక్కడిది? ఐరోపా సముద్రకథల నుండి అది వ్యోమనౌకలోకి ఎక్కినది. నిజమైన రేవుల చరిత్ర ఈ మాటను అంత సులభంగా సమర్థించదు. మొగలుల కాలంలో పశ్చిమ తీరానికంతటికీ ముఖ్యద్వారమైన సూరత్‌నే చూడవచ్చు. ఈస్టిండియా కంపెనీ ఓడ ‘హెక్టర్’కు అధిపతిగా విలియం హాకిన్స్ 1608లో సూరత్ చేరి, మరుసటి సంవత్సరం ఆగ్రాలో జహంగీరు కొలువు ప్రవేశించాడు. తుర్కీ భాష తెలిసినవాడు కావడంవల్ల పాదుషాకు సన్నిహితుడైనాడు. నాలుగు వందల మన్సబు పొందాడు. విషప్రయోగ భయం లేకుండా ఇంటి వంట తినేందుకు పెండ్లి చేసుకొమ్మని పాదుషా సూచించగా, ఒక ఆర్మీనియన్ క్రైస్తవ కన్యను వివాహమాడినట్లు హాకిన్స్ తానే వ్రాసిపెట్టాడు. తరువాత ఆమెను వెంటబెట్టుకొని స్వదేశానికి ఓడ ఎక్కాడు, దారిలోనే మరణించాడు. ఈ కథలో రాజకీయం వున్నది, భయం వున్నది, బాధ్యత వున్నది. రేవుకొక ప్రియురాలు మాత్రం లేదు. రేవుల మీద పుట్టిన నానుడిని రేవుల చరిత్రే మోయలేనప్పుడు, దానిని నక్షత్రాలదాకా మోసుకొనిపోవడం ఎందుకు?

కర్క్ విషయానికి వస్తే, ఆ పాత్ర చేసే వలపుమాటలలో చాలభాగం బందీఖానా నుండి తప్పించుకొనే ఎత్తుగడలే. 1968లో ప్రసారమైన కథలో నల్లజాతి అధికారిణి ఉహూరాను అతడు ముద్దాడడం చరిత్రకెక్కినది. ఆ ముద్దు సైతం పరాయి శక్తులు ఇద్దరి శరీరాలనూ ఆడించి బలవంతాన చేయించినదే. నిజమైన ప్రేమ ఎక్కడున్నదో చూడదలచినవారు 1967 నాటి ఎడిత్ కీలర్ కథను చూడాలి. కర్క్ కాలంలో వెనుకకు వెళ్ళి, 1930ల న్యూయార్క్‌లో బీదలకు అన్నంపెట్టే ఒక స్త్రీని ప్రేమిస్తాడు. ఆమె బ్రతికితే శాంతి ఉద్యమం బలపడి, అమెరికా యుద్ధప్రవేశం ఆలస్యమై, హిట్లర్ గెలుస్తాడని తెలుసుకొంటాడు. వీధిలో వాహనం ఆమె మీదికి వస్తున్నది. ఆమెను రక్షించేందుకు ఉరికిన స్నేహితుణ్ణి కర్క్ రెండు చేతులా పట్టి ఆపివేస్తాడు. ఆ క్షణంలో షాట్నర్ ముఖంలో మాట లేదు, విరుపు లేదు, చాచిన చేయి లేదు. అతి నటుడని పేరుపడ్డవాని మౌనం అంత బరువెక్కడానికి కారణం, అంతకుముందు అతడు వాచికాన్ని ధారాళంగా ఖర్చుచేసి వుండడమే.

పికార్డ్ నిగ్రహం సంగతీ ఇంతే. 1992లో ప్రసారమైన ఒక కథలో అతడు స్పృహ తప్పి పడిన కొద్ది నిమిషాలలో, నశించిపోయిన ఒక లోకపు మనిషిగా పూర్తి జీవితం జీవిస్తాడు. భార్య వుంటుంది, బిడ్డలు పుడతారు, పిల్లనగ్రోవి నేర్చుకొంటాడు, ముసలివాడవుతాడు. మేలుకొన్నాక మిగిలేది ఆ పిల్లనగ్రోవి ఒక్కటే. దానిని గుండెకు హత్తుకొన్న స్టూవర్ట్‌ను చూచి చల్లని విగ్రహమని ఎవరనగలరు? పైగా ఈ ఇద్దరు నటులూ ఒకే బడిలో చదివినవారు. షాట్నర్ కెనడాలోని స్ట్రాట్‌ఫర్డ్ నాటకోత్సవంలో షేక్‌స్పియర్ నాటకాలాడినవాడు. స్టూవర్ట్ 1966లో ఇంగ్లండులోని రాయల్ షేక్‌స్పియర్ కంపెనీలో చేరినవాడు. ఒకే గురువు నుండి ఇద్దరు శిష్యులు రెండు బాణీలు తెచ్చుకొన్నారు. బాణీల మధ్య భేదముంటుంది. అది మెట్లకు గుర్తు కాదు.

ఈ తప్పుత్రాసు వల్ల ఎక్కువ నష్టపోయినది స్త్రీ. 1995లో కేట్ మల్‌గ్రూ కెప్టెన్ జేన్‌వే పాత్రలో ప్రధాన నాయికగా వచ్చినది. ఆమె ప్రేమిస్తే అధికారానికి తగదని, ప్రేమించకపోతే స్త్రీత్వం లేదని చెప్పుకొన్నారు. 2000లో ఆమెకు దొరికిన ప్రియుడు ఒక యంత్రం కల్పించిన ఐరిష్ పల్లెటూరి ఛాయామనిషి. ఆమె తన ఇష్టప్రకారం అతని గుణాలను దిద్దుతుంది, అతని భార్యను చెరిపివేస్తుంది. చివరకు సిగ్గుపడి, ఇకమీదట తాను దిద్దడానికి వీలులేకుండా తనమీద తానే తాళం వేసుకొంటుంది. అధికారంలో వున్న మనిషి ఒంటరితనాన్ని గురించి ఇంత కటువైన కథ మగ కెప్టెన్లకు ఒక్కరికైనా దొరికినదా అన్నది అడగవలసిన ప్రశ్న. ఆమెకు ప్రియుడెవరు అని మాత్రమే అడిగినవారికి ఈ కథ కనబడలేదు. మనదేశంలో 1998లో కేతన్ మెహతా దూరదర్శన్‌కు తీసిన ‘కెప్టెన్ వ్యోమ్’కు కూడ ఇటువంటి గతే పట్టినది. మిలింద్ సోమన్ దేహసౌష్ఠవాన్ని గురించి జరిగిన చర్చలో ఆహార్యం తప్ప తక్కిన మూడు అభినయాల ప్రసక్తి లేకపోయినది.

ఈ తూనిక ఎంత తప్పో ఋజువు చేయడానికి అమెరికా వెళ్ళవలసిన అవసరం లేదు. సూరత్ చాలు. తెలంగాణ నుండి ఎన్నో పద్మశాలి కుటుంబాలు మగ్గాలను వెతుక్కొంటూ వెళ్ళి స్థిరపడిన ఆ పట్టణంలోనే 1938 జూలై 9న హరిహర్ జెఠాలాల్ జరీవాలా జన్మించాడు. లోకానికి అతడు సంజీవ్ కుమార్. బాల్యంలోనే కుటుంబం బొంబాయి చేరినది. ప్రజానాట్యమండలిలో అతడు నటన నేర్చాడు. ఇరవై రెండేళ్ళ వయసులో ఆర్థర్ మిల్లర్ నాటకంలో ముసలి తండ్రి వేషం కట్టాడు. 1985లో నలభై ఏడేళ్ళకే మరణించాడు, వివాహమాడలేదు. ఈ చివరి రెండు వాక్యాల చుట్టూ పత్రికలు అల్లిన రచనలు అసంఖ్యాకం. ఎవరిని వలచాడు, ఎవరు కాదన్నారు, ఏ దుఃఖంతో త్రాగాడు అనే ప్రశ్నలతో మొదలై వాటితోనే ముగిసే జీవితచరిత్రలు అవి.

తెర మీద అతడు చేసినదేమిటో చూచినవారికి ఆ ప్రశ్నలు ఎంత చిన్నవో అర్థమవుతుంది. 1972లో ఒకే నటి జయా భాదురికి ‘పరిచయ్’లో తండ్రి, ‘కోశిశ్’లో భర్త, 1973లో ‘అనామిక’లో ప్రియుడు, 1975లో ‘షోలే’లో మామగారు. ‘త్రిశూల్’లో అతనికి కొడుకుగా నటించిన శశి కపూర్ వయసులో అతనికంటె కొన్ని మాసాలు పెద్దవాడు. తెరవెనుక ప్రేమే తెరమీద శృంగారానికి పెట్టుబడి అయితే, ఈ నాలుగు సంబంధాలకూ పెట్టుబడి ఎక్కడనుండి వచ్చినట్లు? ‘కోశిశ్’లో నాయికానాయకులిద్దరూ మూగచెవిటివారు. వాచికమంతా తీసివేసినా దాంపత్యం నిలిచినది; ఆ నటనకు జాతీయ పురస్కారం లభించినది. ‘షోలే’లో ఠాకూరుకు చేతులు లేవు. ఆంగికంలో సగం తెగిపోయినా కన్నులూ భుజాలూ కథను మోసినవి. ‘మౌసమ్’లో యౌవనంలో వలచిన స్త్రీ ముఖమే దశాబ్దాల తరువాత ఆమె కూతురి ముఖమై ఎదురవుతుంది, రెండు పాత్రలూ షర్మిలా టాగోర్‌వే. ఆ ముఖాన్ని చూచే చూపులో శృంగారం కరిగి వాత్సల్యమూ పశ్చాత్తాపమూ కావాలి. సాత్త్వికాభినయమంటే ఏమిటో అది చెప్పుతుంది.

తెలుగువారికి మరింత సన్నిహితమైన సాక్ష్యం ‘నవరాత్రి’. తొమ్మిది రసాలకు తొమ్మిది పాత్రలను 1964లో తమిళంలో శివాజీ గణేశన్, 1966లో తెలుగులో అక్కినేని నాగేశ్వరరావు, 1974లో హిందీలో సంజీవ్ కుమార్ ధరించారు. శివాజీది గర్జించే బాణీ, అక్కినేనిది మెత్తని బాణీ, సంజీవ్ కుమార్‌ది ముఖం మార్చుకొని లోపల దాగే బాణీ. ముగ్గురినీ పోల్చి ఆనందించిన ప్రేక్షకులెవరూ వారి ఇండ్ల గుమ్మాలలో నిలిచి తీర్పు వెతుక్కోలేదు. తొమ్మిదింటిలో శృంగారం ఒక్కటే. తక్కిన ఎనిమిదింటినీ వదలి దానినే పట్టుకోవడం నవరసాలను ఏకరసం చేయడం.

ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పవలసి వున్నది. నటుడి అనుభవమే నటనకు ముడిసరుకు, కనుక దానిని తెలుసుకోవడం విమర్శలో భాగమేనని కొందరంటారు. ముడిసరుకన్న మాట నిజమే. అయితే నూలు ఏ ఊరి పత్తితో వడికినదో తెలిసినంత మాత్రాన నేత మంచిచెడ్డలు తెలియవు. ప్రేమలో ఓడినవారు కోటానుకోట్లు. వారిలో ‘మౌసమ్’ చూపు చూడగలిగినవాడు ఎవడు? అనుభవం అందరికీ వున్నది, అభినయం కొందరికే వున్నది. ఆ కొందరిని తక్కినవారినుండి వేరుచేసేదేదో చెప్పలేని విమర్శ ఎన్ని రహస్యాలు త్రవ్వినా ప్రయోజనం శూన్యం.

ఇది కేవలం అభిరుచికి సంబంధించిన తగవు కాదు. చిన్న పట్టణాలలో నాటకం నేర్చుకొనే యువతీయువకులు ఈ రచనలనే చదువుతారు. గొంతెత్తితే మోటు, తగ్గిస్తే నాజూకు అనీ, కీర్తి కావాలంటే ముందు కథలు పుట్టాలనీ వారికి ఇవి బోధిస్తున్నవి. సూరత్‌లో సంజీవ్ కుమార్ పేరిట నాటకశాల వెలసినది. అక్కడ రంగమెక్కే బాలుడికి ఆయన ప్రేమల పట్టిక అందించడమా, ‘కోశిశ్’లోని మౌనాన్ని చూపించడమా అన్నది విమర్శకుల చేతిలో వున్న నిర్ణయం. ఆ ఊరి జరీ పనివారికి ఈ వివేకం కొత్త కాదు. తళుకు దూరానికే కనబడుతుంది; లోపల వున్నది వెండో రాగో గీటి చూస్తేగాని తెలియదు. గీటురాయి చేతబట్టనివాడు జరీని గురించి మాట్లాడకపోవడం ఆ అంగడిలో మర్యాద. నటనా విమర్శలో ఆ మర్యాద ఇంకా ఏర్పడవలసి వున్నది.