వృద్ధులను విడిచి హిమాలయ యాత్రయా?

గత కార్యవర్గ సమావేశములో వేసవి విహారయాత్రను గూర్చిన ప్రతిపాదన చదువబడినది. మే నెలలో పది దినములు. హరిద్వారము, కేదారనాథము, బదరీనాథము, పూలలోయ, తిరుగుదారిలో ఢిల్లీ. ఏజెంటు పంపిన రంగుల కరపత్రము చేతులు మారినది. యువకులు చప్పట్లు చరచిరి. అంతటి కొండలలో పెద్దవారి సంగతి యేమని ఒకరడుగగా, "పెద్దలు ఇంటివద్దనే యుందురు గాక, మేము వీడియోలు తీసి తెచ్చి చూపెదము" అని ప్రత్యుత్తరము వచ్చినది. కొందరు నవ్విరి. నవ్వదగిన మాట కాదని నేనచటనే చెప్పితిని. సమయము చాలదనిరి గనుక మిగిలినది ఇచట వ్రాయుచున్నాను.

ఈ యాత్రకు సంఘనిధి నుండి సహాయము కోరబడుచున్నది. ఆ నిధి ఎవరిది? షిఫ్టు దిగి ముఖము కడుగుకొనకమునుపే నెలచందా తెచ్చి ఇచ్చిన వారిది. బొగ్గుగనులు 1973లో జాతీయము చేయబడిననాటికే పనిలో ఉన్నవారు నేడు డెబ్బదియేండ్లు దాటిన వృద్ధులు. బడిలో మరాఠీ చదివిన మన పిల్లలకు ఇంటివద్ద తెలుగు మిగిలినదన్నచో ఆ వృద్ధుల నోటివలననే మిగిలినది. ఎవరికి వారు తమ సొమ్ముతో ఏ కొండకైనను పోవచ్చును, అడ్డుచెప్పుటకు నేనెవడను? కాని పదిమంది సొమ్ముతో పోవు యాత్ర ఆ పదిమందిలో మెల్లగా నడచువాని అడుగును బట్టి ఏర్పడవలెను. ఈ ప్రతిపాదన వడిగా నడచువాని అడుగును బట్టి ఏర్పడినది. నిజమునకు వానికిని ఇది మేలు చేయదు.

ఏలయనగా, మన మాజ్రి సముద్రమట్టమునకు సుమారు 200 మీటర్ల ఎత్తున నున్నది. బదరీనాథము 3,100 మీటర్లు, కేదారనాథము 3,500 మీటర్లకు పైమాట. ఆ ఎత్తున ఒక్కొక్క ఊపిరికి అందు ప్రాణవాయువు మన ఊరిలో అందుదానిలో ఇంచుమించు మూడింట రెండువంతులే. 3,000 మీటర్లు దాటినపిమ్మట రాత్రి పండుకొను చోటును దినమునకు 500 మీటర్లకంటె మించి పెంచరాదని వైద్యుల నియమము. కరపత్రములో ఏమున్నది? రాకపోకల రైలుకు నాలుగు దినములు పోగా మిగులునవి ఆరు. ఆ ఆరింటిలో హరిద్వారము నుండి బదరీనాథము వరకు 300 కిలోమీటర్లకు మించిన కొండదారి, గౌరీకుండము నుండి కేదారమునకు 16 కిలోమీటర్ల ఎక్కుడు, పైగా పూలలోయ. ఎత్తునకు అలవాటుపడుటకు ఒక్క దినమైనను లేదు. తలనొప్పి, వాంతులతో మొదలై ఊపిరితిత్తులలో నీరు చేరువరకు పోగల ఆ జబ్బు వయస్సు చూచి రాదు. ఇరువదియేండ్ల కుఱ్ఱవానిని సయితము పడవేయును. ఇక ముప్పదియేండ్లు బొగ్గుదుమ్ము పీల్చిన ఊపిరితిత్తులవారి మాట చెప్పనేల? 2022 సంవత్సరపు చార్‌ధామ్ యాత్రలో రెండువందలకు మించినవారు దారిలో మరణించిరి. అందు హెచ్చుమంది గుండెజబ్బులవలనను, అనారోగ్యమువలనను పోయినవారే. ఎక్కుటకు ముందు వైద్యపరీక్ష చేయించుకొనుడనియు, ఎత్తునకు మెల్లగా అలవాటుపడుడనియు ఆ రాష్ట్రప్రభుత్వమే యాత్రికులను కోరుచున్నది. మన కరపత్రము ఈ సంగతి నెత్తదు. కిరాణా వ్యాపారినైన నాకు ఒకటి తెలియును: మూటపై బరువు వ్రాయని సరుకును తూచకుండ దింపుకొనరాదు.

పూలలోయ మాట మరియు విచిత్రము. ఆ జాతీయోద్యానము సందర్శకులకు తెరువబడునదే జూన్ 1వ తేదీన. పూలు విరగబూయునది జులై, ఆగస్టు మాసములలో. 1931లో ఫ్రాంక్ స్మైత్ అను ఆంగ్లేయుడు కామెట్ శిఖరమునెక్కి దిగివచ్చుచు ఆ లోయను చూచి ముగ్ధుడై లోకమునకు చాటినది వర్షకాలపు పూలను చూచియే. మే నెలలో పోయినవారికి మంచుతో మూయబడిన దారియు, మూసిన గేటును కనబడును. పోనీ, జూన్‌లో పోవుదమా? విదర్భలో బడులు జూన్ చివరకు గాని తెరువరు గనుక సెలవులు చాలును. కాని కేదారనాథమున వరద విరుచుకుపడినది 2013 జూన్ 16, 17 తేదీలలో. నాలుగువేలకు మించి ప్రాణములు పోయినవి. మన తెలుగువారెందరో కొండలలో చిక్కుకొని దినములు లెక్కపెట్టిరి. వానలు ముందుగా దిగిన యేడు ఆ దారులు ఎట్లుండునో అప్పుడే లోకము చూచినది.

అట్లయిన ఎచటికి పోవలెను? ఉత్తరమునకే పోవుదము. ఉత్తరమనగా హిమాలయమొక్కటే యని ఎవరు చెప్పిరి? నాగపూరు దాటగనే సాత్పూరా పర్వతములు, వానినిండ అడవులు. 1830 మే 18న చెన్నపట్టణము నుండి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు సుమారు నూర్గురు పరివారముతో నాగపూరు, జబల్పూరుల మీదుగా కాశికి నడచిన త్రోవ అదియే. మండువేసవిలో కదలిన ఆ బృందము 1831 సెప్టెంబరు 3న గాని ఇల్లు చేరలేదు. ఏ మజిలీలో నీరున్నది, ఎచట సరకులు దొరకును, ఎచట దారి చెడ్డది, ఇవన్నియు ఆయన దినచర్యగా వ్రాసిపెట్టెను. అది 1838లో అచ్చయినది. మెల్లగా పోయినందున ఆయనకు లోపించినదేమి? రెండువందల యేండ్లు కావచ్చినను మనము ఆ గ్రంథమును తలచుచున్నాము. పదిదినములలో నాలుగు క్షేత్రములు చుట్టివచ్చినవానికి జ్ఞాపకముండునది బస్సు సీటు.

నా ప్రతిపాదన ఇది. నాగపూరు నుండి జాతీయరహదారి 44 మీదుగా పేంచ్ అడవి అంచున పోవుదము. అచట రోడ్డునే స్తంభములపైకెత్తి క్రిందుగా జంతువులు దాటుటకు దారి విడిచిరి. పులులు ఆ నీడలో నడచిపోవుచుండగా కెమెరాలు పట్టినవి. లారీలు పైన, పులులు క్రింద! పిల్లలకు ఇంతకుమించిన పాఠమేమి కావలెను? పిమ్మట కాన్హాలో రెండు దినములు. మన చుట్టునున్నది టేకు అడవి. అచట సాలవృక్షముల అడవి, నడుమ విశాలమైన పచ్చికబయళ్ళు. గట్టినేలపై తిరుగు బారాసింగా జింకలు 1970 ప్రాంతమున లోకమంతటికిని అచట 66 మాత్రమే మిగిలియుండెను. కాపాడగా నేడు వేయి వరకు పెరిగినవి. మే నెలలో అచటను ఎండ మండును, దాచుటకేమున్నది. కాని నీరెండిన కాలములోనే జంతువులు మడుగులకు చేరి కనబడును. జీపులో కూర్చుండి తెల్లవారుజామున చూచి పదిగంటలకు నీడ చేరవచ్చును. ఎక్కుడు లేదు, దిగుడు లేదు.

అటనుండి జబల్పూరు, భేడాఘాటులో చలువరాతి కొండల నడుమ నర్మద. మన చంద్రపురపు కోట కట్టించినది గోండు రాజులు. జబల్పూరు గుట్టపైనున్న మదన్ మహలును మరియొక గోండు రాజ్యమునకు చెందినదే. మొగలు సేనతో పోరి 1564లో ప్రాణములు విడిచిన రాణీ దుర్గావతి ఆ రాజ్యపు రాణియే. తరతరములుగా గోండుల గడ్డమీద బ్రదుకుచున్న మనము వారి చరిత్ర ఎరుగకుండుట సిగ్గుచేటు. జబల్పూరు నుండి రైలులో పిపరియా దిగి, కొండదారిన 50 కిలోమీటర్లు పోయినచో పచ్‌మఢీ. వేయి మీటర్లకు పైబడిన ఎత్తు, మాజ్రి ఎండకు చల్లని మందు. ఊపిరికి ఏ ఇబ్బందియు లేదు. అచట నాలుగు దినములు ఊరక కూర్చుండనిండు. ధూప్‌గఢ్ శిఖరము మీద సూర్యాస్తమయమును చూచుటకు వృద్ధులను సయితము జీపులో తీసికొనిపోవచ్చును. తిరుగుదారి ఇటార్సీ మీదుగా నాగపూరు.

"అడవి మనకు లేదా, తాడోబా ప్రక్కనే యున్నది గదా" యని యువకులందురు. ఉన్నది. 1955లోనే జాతీయోద్యానమైనది. దానిని చూచుటకు ఖండాంతరముల నుండి వచ్చి మనప్రక్కనుండి పోవుచున్నారు. మన ఇండ్లలో ఎందరు దాని గేటు దాటిరో సభలో చేతులెత్తించి చూడుడు. ప్రక్కనున్న అడవిని చూడనివారికి హిమాలయము మీద ఇంత తొందర ఎచటినుండి వచ్చినదో నాకు తెలియును. కరపత్రములోని రంగులనుండి వచ్చినది.

హిమాలయమునకు పోవలదనుట లేదు. శక్తిగలవారు వైద్యపరీక్ష చేయించుకొని, వానలు వెలసిన సెప్టెంబరు చివర, పదునైదు దినములకు తగ్గకుండ, దారిలో ఆగి ఆగి పోవుడు. ఆ ఖర్చు ఎవరిది వారు భరింపవలెను. సంఘనిధిని ముట్టరాదు.

ఈ విషయమును కార్యవర్గములో పదిమంది తేల్చుట తగదు. సర్వసభ్య సభ పిలువవలెను. వృద్ధులను, స్త్రీలను కూర్చుండబెట్టి అడుగవలెను. కరపత్రమిచ్చిన ఏజెంటుకు బయానా ఇచ్చినచో తిరిగి తీసికొనవలెను, ఇయ్యకున్నచో ఇయ్యకుడు. రైలు టిక్కెట్లు 60 దినములకు ముందు తెరువబడును. మే మొదటివారమున బయలుదేరవలెనన్నచో మార్చి మొదటి దినములకే జాబితా సిద్ధము కావలెను. క్రింది బెర్తులు చాలవు గనుక జాబితాలో మొదటి పేర్లు వృద్ధులవి వ్రాయుడు. మోకాళ్ళనొప్పులవారు ఎందరో పేరు ప్రక్కనే గుర్తుపెట్టుడు. ఆ జాబితా వ్రాయుపనికి మా దుకాణము సాయంత్రము ఏడు దాటిన తరువాత తెరచియే యుండును.