డాక్టరు అడిగినప్పుడు నిజం చెప్పనివ్వండి

"మందు అలవాటు ఉందా?" ఆసుపత్రిలో చేరిన రోగిని నర్సు అడుగుతుంది. పక్కన భార్య ఉంటుంది, తల్లి ఉంటుంది, ప్రార్థన చేయడానికి వచ్చిన పాస్టరుగారూ ఉంటారు. "లేదండీ" అంటాడతను. కేసు షీటులో అదే రాస్తారు.

ఆ అబద్ధం ఎంత ప్రమాదమో మన సంఘాల్లో చాలామందికి తెలియదు. రోజూ బాగా తాగే మనిషి కాలు విరిగి ఆపరేషనుకు చేరాడనుకుందాం. మందు ఒక్కసారిగా ఆగిపోతుంది. కొన్ని గంటలకే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు లేనివి కనబడి, ఎక్కడున్నాడో తెలియక సెలైన్ గొట్టం పీకేసుకుంటాడు. ప్రాణం పోయే స్థితి ఇది. ముందే తెలిస్తే డాక్టర్లు మందులతో చాలావరకు నివారించగలరు. తెలియకపోతే బంధువులు దయ్యం పట్టిందంటారు, విడుదల ప్రార్థనకు కబురు పెడతారు. ప్రార్థన వద్దని మేము అనడం లేదు. ముందు డ్యూటీ డాక్టరును పిలిచి, అతను రోజూ ఎంత తాగేవాడో చెప్పండి. కల్లయినా సరే, చెప్పండి.

ఇందుకోసమే ప్రపంచ ఆరోగ్య సంస్థ 'ఆడిట్' అనే పది ప్రశ్నల పట్టిక తయారు చేయించింది. ఎన్నాళ్లకోసారి తాగుతారు, ఒక్క రోజులో ఎంత, తగ్గించుకోమని ఇంట్లోవారో డాక్టరో అన్నారా, ఇలాంటివి. 40కి 8 లేక అంతకు మించి వస్తే జాగ్రత్తపడాలి. ఇంకా బానిస కానివాడు డాక్టరు కొద్ది నిమిషాలు నచ్చజెప్పినా తగ్గించుకోవచ్చు. బానిసైనవాడికి చికిత్స కావాలి. అది ఎందరికి అందుతోంది? 2019లో వెలువడిన ఢిల్లీ ఎయిమ్స్ సర్వే ప్రకారం 38 మందిలో ఒక్కరికి.

మన మధ్య మరో చిక్కుంది. తాగుడు మానేశానని సంఘం ముందు సాక్ష్యం చెప్పి, బాప్తిస్మం పొంది, మళ్లీ జారిపోయిన సహోదరుడు ఎవరితో చెప్పుకుంటాడు? చెబితే ప్రభువు బల్లకు దూరం పెడతారని అతని భయం. ఆ భయమే ఆసుపత్రిలోనూ నోరు నొక్కేస్తుంది. డాక్టరుకు చెప్పిన నిజం సంఘ పెద్దల విచారణకు రాదని పాస్టర్లు వేదిక మీదనుంచే చెప్పాలి.

పరామర్శకు వెళ్లినప్పుడు ఆ ప్రశ్న వస్తే, బంధువులను తీసుకుని అయిదు నిమిషాలు వరండాలోకి వెళ్లండి. మానాలనుకునేవారికి 14446 నంబరు ఉంది, ఫోను ఉచితం. ఈ ఆదివారం ప్రకటనల్లో చదవండి.