విశ్వవిద్యాలయమును ముందు చూచిరండు

పదవ తరగతి ఫలితములు వెలువడిన మఱునాటినుండి తల్లిదండ్రులు మన పాఠశాలకు వచ్చి అడుగు ప్రశ్న యొకటి కలదు: "ఏ గ్రూపులో చేర్పించమంటారండీ?" మేము మార్కుల పట్టిక చూచి, తోచినది చెప్పి పంపుచున్నాము. ఆ గ్రూపు రెండేండ్ల పిదప ఏ వాకిటికి చేర్చునో అడిగిన తండ్రి యెఱుగడు. చదువబోవు పిల్లవాడు అంతకన్న నెఱుగడు. ఈ లోపమును తీర్చుట మన చేతిలోనిదే గావున దీనిని గూర్చి నాలుగు మాటలు వ్రాయ నుద్యుక్తులమైతిమి.

రైతు ఎద్దును కొనునపుడు పండ్లు చూచును; నాలుగడుగులు నడిపించి చూచును; తెలిసినవానిని పిలిచి చూపును. కాని తన బిడ్డ మూడు నాలుగేండ్లు నివసించి బ్రతుకుదారి నేర్పఱచుకొనవలసిన చోటును మాత్రము చూడకయే యెన్నుకొనుచున్నాడు. నేడు ప్రవేశపరీక్ష వ్రాయుట, ర్యాంకు తెలిసికొనుట, ఇంటర్నెట్టు కేంద్రమున కూర్చుండి వెబ్ ఆప్షన్లు పెట్టుట, ఇంతటితో సరి. పెట్టెయు పఱుపును మోసికొని చేరబోవు దినముననే అనేకులు ఆ యావరణమున మొదటిసారి అడుగుపెట్టుదురు. అప్పటికి చాల ద్వారములు మూయబడియుండును. ఇంజనీరింగు ప్రవేశపరీక్షకు గణితము వలయును; జీవశాస్త్రము విడిచినవానికి వైద్యవిద్య దుర్లభము. కావున విశ్వవిద్యాలయమును చూడవలసిన కాలము ర్యాంకు వచ్చిన పిదప కాదు, గ్రూపు నెన్నుకొనుటకు ముందే యని మా దృఢమైన యభిప్రాయము.

చూచుట యన నేమో మేమును తప్పు చేసియే నేర్చుకొంటిమి. మొదటి పర్యాయము పిల్లలను ఒక కళాశాలకు రెండవ శనివారమున తీసికొనిపోయితిమి. కార్యాలయము మూసియున్నది, గ్రంథాలయమునకు తాళము. సింహద్వారము నెదుట ఫొటోలు దిగి, దారిలో ఫలహారము చేసి, యిల్లు చేరితిమి. సోమవారమునాడు "మేము చూచిన కళాశాల" యని వ్యాసము వ్రాయుడనగా, నలువదిమందియు సింహద్వారమునే వర్ణించిరి! తప్పు వారిది కాదు. మేము చూపినది అదియే.

నిరుడు పనిదినమున, ముందుగా అనుమతి పొంది, వాల్తేరునందలి ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు పోయితిమి. పిల్లలతోపాటు కొందఱు తల్లిదండ్రులును వచ్చిరి. నాలుగువందల ఎకరములకు మించిన యా యావరణమును, దూరమున సముద్రమును చూచి పిల్లలు అచ్చెరువొందిరి. ఐనను వారిని నిలువరించినవి భవనములు కావు, శాఖల పేర్లు. భూగర్భశాస్త్రము, మానవశాస్త్రము, వాతావరణ సముద్రశాస్త్రములు మున్నగునవి వేర్వేరు చదువులని వారెన్నడును వినియుండలేదు. తీరగ్రామమున తుపానులకు వెఱచుచు పెరిగిన జాలరి బిడ్డ యొకడు "గాలివానల గురించి కూడా చదువుంటుందా సార్?" అని యడిగెను. కలదనియు, దానికి గణితము, భౌతికశాస్త్రము వలయుననియు తెలిసికొనెను. సముద్రపుటొడ్డున వెలసిన యీ విద్యాలయమున 1952 ప్రాంతమున అమెరికా శాస్త్రజ్ఞుడు లాఫాండు వచ్చి సముద్రశాస్త్ర పరిశోధనలకు దోహదము చేసిన సంగతి చెప్పగా, వాని కన్నులు మెఱసినవి. గణితమును విడిచిపెట్టెదనని అంతకు ముందు నెలయే మాతో చెప్పిన బాలుడతడు.

మఱియొక సంగతి. నేతపని చేయు తండ్రి యొకడు గ్రంథాలయపు మెట్లయొద్ద చెప్పులు విడిచి, చెట్టుక్రింద నిలిచిపోయెను. "నేను చదువుకోలేదండి, లోపలికెందుకు? మీరు చూసి రండి" అనెను. మేము బలవంతముగా తోడ్కొనిపోయితిమి. ఆ దినమున అడుగబడిన ప్రశ్నలన్నిటిలో మేలైనది అతనిదే: "రాత్రి ఇక్కడ చదువుకున్న ఆడపిల్ల హాస్టలుకి ఏ దారిన వెళ్తుందండీ?" ఉత్తరము మాటలతో చెప్పక, అచటి విద్యార్థిని యొకతె మమ్ములను ఆ దారివెంట నడిపించుకొనిపోయి చూపినది. ఆ దారి నడచిన తండ్రి తన కుమార్తెను దూరమునకు పంపుటకు భయపడడు. ఏ ప్రకటనపత్రికయు చేయజాలని పని యిది.

భవనములను జూచి మోసపోరాదని ఆ విద్యాలయపు చరిత్రయే చెప్పుచున్నది. అది 1926లో బెజవాడయందు ఆరంభమై, 1930లో వాల్తేరు చేరినది. కట్టమంచి రామలింగారెడ్డిగారు ప్రథమోపాధ్యక్షులు. పిమ్మట 1931 నుండి 1936 వఱకు సర్వేపల్లి రాధాకృష్ణగారు. యుద్ధకాలమున, 1942లో, భవనములను సైన్యమునకు విడిచి గుంటూరునకు తరలి, 1946లో మరలివచ్చినది. గోడలు మాఱినను విద్య నిలిచినది.

ఆ విద్యాలయముననే 1940లో గణితమున ఎం.ఏ. ముగించిన సి.ఆర్. రావుగారు ఉద్యోగమునకై కలకత్తా పోయిరి. ఉద్యోగము లభింపలేదు. బసలో పరిచయమైన యువకుడొకడు తాను శిక్షణ పొందుచున్న సాంఖ్యక సంస్థకు తోడ్కొనిపోగా, చూచి, చేరవలెనని నిశ్చయించుకొని, 1941 జనవరిలో చేరిరి. అప్పటి కా సంస్థకు సొంత భవనము లేదు. ప్రెసిడెన్సీ కళాశాల భౌతికశాస్త్రశాఖలో తలదాచుకొనుచుండెను. 1945లో ప్రకటించిన వ్యాసముతో వారి పేరు లోకమెఱిగినది. 2023లో, నూటరెండేండ్ల ప్రాయమున, అంతర్జాతీయ సాంఖ్యకశాస్త్ర బహుమానము లభించినది. ఒక పూట చూచివచ్చుటచే ఒక జీవితము ఎట్టి మలుపు తిరుగునో యిందువలన తెలియగలదు.

కొందఱు "వెబ్‌సైటులో అన్నియు నుండగా ఈ వ్యయమెందుల"కని యడుగుదురు. తన్ను గూర్చి తాను వ్రాసికొన్నది ఏ సంస్థయు తక్కువ చేసి వ్రాసికొనదు. ప్రయోగశాలలో పరికరములపై దుమ్మున్నదో, విద్యార్థుల చేతులున్నవో కన్నులే చెప్పవలెను. హాస్టలు భోజనము, నీటి వసతి, స్కాలర్‌షిప్పు చేతికందు కాలము, ఉపాధ్యాయులు తరగతికి వచ్చుటలోని క్రమము, ఇవి రెండవ సంవత్సరపు విద్యార్థి నడిగిననే తెలియును. మొదటి సంవత్సరమువాడు ఇంకను క్రొత్తవాడు. చివరి సంవత్సరమువాడు వెడలిపోవు తొందరలో నుండును.

కావున మా సూచనలివి. ఏటేట పబ్లిక్ పరీక్షలకు ముందే పదవ తరగతివారినందఱిని పనిదినమున ఒక విశ్వవిద్యాలయమునకు తీసికొనిపోవలెను. ప్రతి విద్యార్థియు మూడు ప్రశ్నలు వ్రాసికొని రావలెను. తల్లి గాని తండ్రి గాని, ముఖ్యముగా చదువుకొననివారు, వెంట రావలెను. బస్సు ఖర్చు భరింపలేని వారికి పూర్వవిద్యార్థులు తోడ్పడవలెను. పైకము లేదను కారణమున ఒక్కరును ఇంటియొద్ద నిలిచిపోరాదు. చూడవలసిన యవసరము అందఱికన్న వారికే యధికము.

విద్యార్థులారా! ఆ యావరణము ఎవరో గొప్పవారి సొత్తు కాదు. ప్రజల ధనముతో నడచుచున్నది. అనగా మీ తల్లిదండ్రుల చెమటయు అందు కలదు. సింహద్వారమును చూచి మరలకుడు. లోనికి పొండు, అడుగుడు, వినుడు, ఆ పిదప గ్రూపు నెన్నుకొనుడు. చెట్టుక్రింద నిలుచున్న తండ్రి యుండినచో, చేయిపట్టి లోనికి తోడ్కొనిపొండు.