శనికి తెలియని ఏలినాటి శని

2025 మార్చిలో శని గ్రహం విషయంలో రెండు సంగతులు జరిగాయి. 23వ తేదీన భూమి శని వలయాల తలాన్ని దాటింది. ఈ చివర నుంచి ఆ చివరకు రెండు లక్షల డెబ్బై వేల కిలోమీటర్లకు పైగా పరుచుకున్న వలయాలు మనవైపు అంచు తిప్పాయి కాబట్టి భూమి మీది నుంచి అవి లేనట్టే అయ్యాయి. 29వ తేదీన శని కుంభం నుంచి మీనంలోకి మారాడని, నేటి పరిశీలనలతో లెక్కకట్టే దృక్ పంచాంగాలు చెప్పాయి. మొదటి సంగతి ఖగోళ శాస్త్రం మీద ఆసక్తి ఉన్నవాళ్లకు తప్ప పట్టలేదు. రెండోదాని మీద మాత్రం చర్చలే చర్చలు: మకర రాశికి ఏలినాటి శని వదిలింది, మేష రాశికి పట్టింది, పరిహారాలు ఇవిగో అని.

చిత్రమేమిటంటే, శని క్షేత్రంగా పేరున్న తిరునళ్లారు ఆలయం పాత సూత్రాలతో లెక్కకట్టే వాక్య పంచాంగాన్ని పాటిస్తుంది. ఆ లెక్క ప్రకారం శని మీనంలోకి మారేది 2026లోనే. మరి ఈ నడుమ కాలంలో మకర రాశి వాళ్లకు శని ఉన్నట్టా, వదిలినట్టా? శని ప్రభావం నిజంగా ఉంటే ఏ పంచాంగం సరైనదో ఆ రాశి వాళ్ల బతుకుల్ని చూసి తేల్చేయొచ్చు. కానీ పంచాంగకర్తల వాదమంతా గణితం దగ్గరే నడుస్తుంది. ఫలితాన్ని పరీక్షకు పెడదామనే మాట మాత్రం రాదు.

లెక్క అన్నాం కాబట్టి ఇంకో లెక్క కూడా చూద్దాం. జన్మరాశిలోనూ, దానికి ముందు వెనుక రాశుల్లోనూ శని ఉండే ఏడున్నరేళ్లు ఏలినాటి శని. అంటే ఎప్పుడు చూసినా పన్నెండు రాశుల్లో మూడింటికి అది నడుస్తూనే ఉంటుంది. నలుగురిలో ఒకరికన్నమాట. జన్మరాశికి ఎనిమిదో రాశిలో శని ఉండే అష్టమ శనినీ, నాలుగో రాశిలో ఉండే అర్ధాష్టమ శనినీ కలుపుకుంటే ఐదు రాశులు, నూటికి నలభై మందికి పైగా. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నది 8.46 కోట్ల మంది. అందులో ఏలినాటి శని వాటాయే రెండు కోట్లు దాటుతుంది. ఆ రెండు కోట్లలో ఉద్యోగం ఊడినవాళ్లూ ఉంటారు, ప్రమోషన్ వచ్చినవాళ్లూ ఉంటారు. అప్పులపాలైనవాళ్లతో పాటు ఇల్లు కట్టి గృహప్రవేశం చేసినవాళ్లూ ఉంటారు. అదేమిటని అడిగితే ‘గురుబలం కాపాడింది’ అంటారు, లేదంటే ‘శని పోతూ పోతూ మేలు చేసి పోతాడు’ అంటారు. ఏం జరిగినా తప్పని తేలే వీలే లేని మాట ఇది. దాని బలమంతా అక్కడే ఉందని నమ్మేవాళ్లు అనుకుంటారు. నిజానికి దాని డొల్లతనం ఉన్నదీ అక్కడే.

మన పూర్వులకు ఆకాశాన్ని చూడటం చేతకాక కాదు. నాలుగు యుగాలు కలిసిన 43,20,000 ఏళ్ల మహాయుగంలో శని 1,46,568 సార్లు తిరుగుతాడని సూర్యసిద్ధాంతం చెబుతుంది. భాగించి చూస్తే ఒక చుట్టుకు సుమారు 29.47 ఏళ్లు వస్తుంది. నేటి కొలత 29.46. దుర్భిణి లేని కాలంలో కంటితో చూసి, తరతరాలుగా రాసుకుని సాధించిన ఆ కచ్చితత్వానికి చేతులెత్తి మొక్కాల్సిందే. కానీ ఆ గ్రహం మేషంలో ఉంటే ఇలాగవుతుంది, మీనంలో ఉంటే అలాగవుతుంది అన్న భాగానికి అలాంటి కొలత ఏదీ లేదు. మంచి గణితం పక్కన కూర్చోవడం వల్ల దానికీ శాస్త్రమనే గౌరవం దక్కింది, అంతే.

పరీక్షకు నిలబడటం అంటే ఏమిటో ఆ శని వలయాల కథే చెబుతుంది. 1610లో గెలీలియో దుర్భిణిలోంచి చూసి, శనికి రెండు వైపులా రెండు చిన్న గోళాలు ఉన్నాయనుకున్నాడు. 1612లో అవి మాయమయ్యాయి. ఆయన తలపట్టుకున్నాడు. 2025లో జరిగినట్టే అప్పుడూ వలయాలు అంచు తిప్పాయని ఆయనకు తెలియదు. గ్రహాన్ని ఎక్కడా తాకని పల్చని వలయం అది అని హైగెన్స్ 1659లో వివరించాడు. అది గట్టి పళ్లెం లాంటిది అయ్యుంటే నిలవదనీ, విడివిడి ముక్కలై ఉండాలనీ మాక్స్‌వెల్ గణితంతో నిరూపించిన వ్యాసం 1859లో అచ్చయింది. 1895లో కీలర్ వర్ణపటం తీసి చూస్తే వలయం లోపలి భాగం బయటి భాగం కన్నా వేగంగా తిరుగుతోందని తేలింది. గట్టి పళ్లెమైతే అలా తిరగదు కదా.

ఆ తర్వాత మనిషి పంపిన యంత్రాలే అక్కడికి వెళ్లాయి. 2004లో చేరిన కసీని నౌక పదమూడేళ్లు శని చుట్టూ తిరిగింది. వలయాల్లో ఉన్నది చాలావరకు నీటి మంచే. ఇసుక రేణువంత ముక్కల నుంచి ఇల్లంత ముక్కల దాకా ఉన్నాయి. అంత వెడల్పున్న వలయాల మందం చాలా చోట్ల పది మీటర్లకు అటూ ఇటూ మాత్రమే. 2005 జనవరి 14న హైగెన్స్ పేరున్న శోధక నౌక శని ఉపగ్రహం టైటాన్ మీద దిగింది. అక్కడ నత్రజని గాలి మన గాలి కన్నా ఒకటిన్నర రెట్లు ఒత్తిడితో ఉంటుంది. మైనస్ 180 డిగ్రీల చలిలో మీథేన్ వానై కురిసి వాగులై పారుతుంది. దిగిన చోట తీసిన ఫోటోలో ఏటి గులకరాళ్లలా నునుపు తేలిన మంచు ముక్కలు కనిపించాయి. ఎన్‌సిలడస్ అనే చిన్న ఉపగ్రహం దక్షిణ ధ్రువం నుంచి నీటి ఆవిరి, మంచు తుంపరలు చిమ్ముతున్నాయి. శని వలయాల వయసు ఎంతన్నది మాత్రం ఇంకా తేలలేదు. పది కోట్ల ఏళ్ల నాటివని కొందరు, గ్రహమంత పాతవని కొందరు వాదిస్తున్నారు. రెండు వర్గాలూ చేతిలో కొలతలు పట్టుకునే వాదిస్తున్నాయి.

ఈ క్రమశిక్షణ పరాయి దేశపు సొత్తేమీ కాదు. 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రాన్ని కప్పుతూ వెళ్లింది. తమిళనాడులోని కావలూరు వేధశాలలో భట్టాచార్య బృందం ఆ నక్షత్ర కాంతిని నమోదు చేస్తుంటే, గ్రహం అడ్డు రాకముందే కాంతి క్షణాల పాటు తగ్గింది. కొత్త ఉపగ్రహమేమో అనుకున్నారు. హిందూ మహాసముద్రం మీద విమానంలోంచి చూసిన అమెరికా బృందానికి గ్రహానికి రెండు వైపులా సరిసమానంగా అలాంటి తగ్గుదలలు కనిపించాయి. వలయాలని తేలింది. కావలూరు వాళ్లు పాత మాట పట్టుకుని కూర్చోలేదు. తమ రికార్డును తిరగేసి, వలయాల గురించి రాశారు.

‘జ్యోతిషంలో శని అంటే ఆ వాయుగోళం కాదు, కర్మఫలానికి సూచన మాత్రమే’ అని చదువుకున్నవాళ్లు కొందరు అంటారు. అలాగైతే ఆ గోళం ఏ రాశిలో ఉందో నిమిషాలతో సహా గుణించడం దేనికి? లెక్క కట్టేటప్పుడు అసలు గ్రహం కావాలి, పరీక్షకు వచ్చేసరికి అది వట్టి సంకేతమైపోవాలి అంటే ఎలా?

శనివారం పొద్దున ఏ ఊళ్లోనైనా నవగ్రహ మండపం దగ్గర నిలబడి చూడండి. నల్ల గుడ్డలో కట్టిన నువ్వుల పొట్లం, చిన్న సీసాలో నువ్వుల నూనె, నూనెతో జారుతున్న గచ్చు మీద కాళ్లు నిలదొక్కుకుంటూ ప్రదక్షిణలు. శని త్రయోదశికి మందపల్లి శనీశ్వరాలయంలో తైలాభిషేకానికి బారులు తీరిన జనంలో ఎక్కువమంది మూర్ఖులు కారు, కష్టంలో ఉన్నవాళ్లు. పంట పోయినవాళ్లు, కొడుక్కి ఉద్యోగం రానివాళ్లు, రోగం కుదరనివాళ్లు. వాళ్ల భక్తి మీద కాదు నా తగువు, వాళ్ల భయాన్ని అమ్ముకునే వ్యాపారం మీద. ఏడున్నరేళ్లు ఓపిక పట్టమన్న మాట పంట బీమా అడగాల్సిన నోరు మూయిస్తుంది, వడ్డీ కాగితం చదవాల్సిన కళ్లను ఆకాశం వైపు తిప్పుతుంది, ఆస్పత్రికి పోవాల్సిన కాలిని ఆపుతుంది.

కాబట్టి మీకు శని పట్టిందని ఎవరైనా చెప్పినప్పుడు వాదన పెట్టుకోనక్కర్లేదు. ఒక్కటే అడగండి: రాబోయే ఏడాదిలో ఏది జరిగితే మీరు చెప్పింది తప్పని ఒప్పుకుంటారు? జవాబు కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇస్తే దక్షిణ ఇవ్వండి. ఇవ్వకపోతే ఆ డబ్బు మందుల షాపుకో, పిల్లల ఫీజుకో పనికొస్తుంది.