గట్టు మీద కుప్ప

మా డాబా మీద బట్టలారేస్తుంటే ఎదురుగా చెరువు. నీళ్ళు మాత్రం కనిపించవు, అంతా గుర్రపుడెక్కే. ఊదారంగు పూలతో చూడముచ్చటగానే ఉంటుంది కానీ, సాయంత్రం ఆరయ్యేసరికి దోమలకి భయపడి కిటికీలన్నీ మూసుకోవాలి.

ఏటా వానలకి ముందు యంత్రం వస్తుంది. డెక్కంతా లాగి గట్టు మీద కుప్ప పోసి వెళ్ళిపోతారు. అది అక్కడే కుళ్ళుతుంది, వాన పడగానే ఆ రసమంతా మళ్ళీ చెరువులోకే. ఇల్లు ఊడ్చి, చెత్త గుమ్మంలోనే పెట్టి ఫ్యాన్ వేసినట్టు లేదూ!

అసలు ఈ మొక్కని మేపుతున్నది మనమే. మన కాలవల్లోంచి వెళ్ళే మురుగులోని నత్రజని, భాస్వరమే దాని తిండి. తిన్నదంతా ఒంట్లో దాచుకుంటుంది. కాబట్టి కోసి దూరంగా తీసుకుపోతే, ఆ మేరకు చెరువు కడిగినట్టే. వదిలేస్తే తిన్నది తిన్నట్టు కక్కేస్తుంది.

తీసుకెళ్ళి ఏం చేస్తారంటారా? మా అమ్మమ్మగారింట్లో గోబర్ గ్యాస్ పొయ్యి ఉండేది. గుర్రపుడెక్కని ముక్కలు చేసి, పేడతో కలిపి, గాలి చొరని తొట్టిలో మురగబెడితే అలాంటి గ్యాసే వస్తుంది. హైదరాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్లో కుళ్ళిన కూరగాయలతో కరెంటు తీస్తున్నారు కదా, చెరువు చెత్త ఏం పాపం చేసింది?

"తీసేకొద్దీ వస్తూనే ఉంటుంది, దండగ ఖర్చు" అంటారు మావారు. నిజమే, ఈ మొక్కలో పదింట తొమ్మిది వంతులకి పైగా నీళ్ళే. లారీల్లో దూరం మోస్తే గిట్టదు, ప్లాంటు చెరువు దగ్గరే ఉండాలి. ఫ్యాక్టరీల నీళ్ళు కలిసే చెరువుల్లో అయితే సీసం, కాడ్మియం లాంటివి కూడా పీల్చుకుంటుంది. ఆ మడ్డిని కూరమళ్ళకి వెయ్యకూడదు. గ్యాస్ వస్తుంది కదా అని ఎక్కడా పెంచనూ కూడదు. మురుగు శుద్ధి చెయ్యకపోతే ఎంత తీసినా మళ్ళీ మొలుస్తుంది.

కానీ, ఎలాగూ తీయించడానికి ఏటా డబ్బు పోస్తూనే ఉన్నారు కదా! లాభం గ్యాస్‌లోనే వెతక్కండి. చెరువు కాస్త తేటపడితే అది లాభం కాదా?

మీ చెరువుకి యంత్రం వచ్చినప్పుడు గట్టు దాకా వెళ్ళి ఒక్క మాట అడగండి: "దీన్ని ఎక్కడికి తీసుకెళ్తున్నారు బాబూ?" ఈసారి నేనూ అడగబోతున్నాను.