అమ్మభాషే ఆసరా

హోసూరు సంతలో కూరగాయలమ్మే ఇల్లాలు తెలుగులో బేరమాడుతుంది, తమిళంలో లెక్క చెబుతుంది, కన్నడంలో చిల్లర అడుగుతుంది. ఆమెకు ఏ భాషలోనూ వ్యాకరణం ఎవరూ నేర్పలేదు. అలాంటి ఇంటినుంచే డిగ్రీ చదివి బెంగళూరుకు ఇంటర్వ్యూకి వెళ్లిన కుర్రాడు, 'మీ గురించి చెప్పండి' అని ఇంగ్లిష్‌లో అడిగేసరికి నీళ్లు నములుతాడు. ఏళ్ల తరబడి చదివి, పరీక్షలు గట్టెక్కిన భాష అవసరానికి నోటికి రాకపోతే లోపం కుర్రాడి తెలివిలో ఉందా, మనం నేర్పే తీరులో ఉందా?

బళ్లారి మొదలు రాయగడ, సిరొంచ దాకా సరిహద్దు ఊళ్ల పిల్లలకు ఓ చిక్కుంది. ఇంట్లో తెలుగు. చాలామందికి బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో. ఇంగ్లిష్ పాఠాన్ని ఆ బడిభాషలోనే విడమరుస్తారు. క్రియల దగ్గరికొచ్చేసరికి మూడు కాలాలు, ఒక్కోదానికి నాలుగేసి రూపాలు, మొత్తం పన్నెండు గళ్ల పట్టిక నల్లబల్లపైకి ఎక్కుతుంది. పిల్లలు దాన్ని బట్టీపడతారు. 'నిన్న ఏం చేశావు?' అని అడిగితే మాత్రం ఏ గడిలోంచి మాట తీయాలో తెలియక బిక్కముఖం వేస్తారు.

ఇక్కడే కొందరు తల్లిదండ్రులు తొందరపడుతున్నారు. ఇంగ్లిష్ రావాలంటే ఇంట్లో తెలుగు మానేయాలనుకుంటున్నారు. మెట్టు తీసేసి మేడ ఎక్కమనడమే ఇది. ఇంగ్లిష్ కాలాల గుట్టు విప్పే తాళంచెవి చాలావరకు మన మాటల్లోనే ఉంది.

'ఐ డిడ్ నాట్ వెంట్' అనే పొరపాటునే తీసుకోండి. 'నేను వెళ్లాను' అన్నదాన్ని కాదనాలంటే మనం 'వెళ్లాను లేదు' అనం, 'వెళ్లలేదు' అంటాం. జరిగిపోయిందన్న సంగతిని 'లేదు' మోస్తుంది, 'వెళ్ల' అన్న ముక్కకు కాలం అంటదు. ఇంగ్లిష్‌లోనూ అంతే. ఆ బరువు 'డిడ్' మోస్తున్నప్పుడు 'వెంట్' మళ్లీ 'గో' అయిపోతుంది. కన్నడం 'హోగలిల్ల', తమిళం 'పోగవిల్లై' కూడా ఈ బాటే. 'ఐ యామ్ నోయింగ్' అనేవారికీ ఇదే మందు. మనం 'నాకు తెలుసు' అంటామే కానీ 'తెలుస్తున్నాను' అనం కదా!

తెలుగు దారి తప్పించే చోట్లూ లేకపోలేదు. వాటిని ముందే చూపించాలి. 'రోజూ ఎనిమిదింటికి వెళ్తాను', 'రేపు ఎనిమిదింటికి వెళ్తాను' - మనకు రెండింటికీ ఒకటే క్రియ. ఇంగ్లిష్‌కు అలవాటు వేరు, రేపటి పని వేరు: మొదటిది 'ఐ గో', రెండోది 'ఐ విల్ గో'. అలాగే 'చూశాను' అన్న ఒక్క మాటకు అక్కడ రెండు రూపాలు. నిన్న, పోయినేడు అంటూ గడిచిన సమయం చెబితే 'ఐ సా'. ఎప్పుడన్నది చెప్పకుండా, చూసిన అనుభవం ఉందనాలంటే 'ఐ హావ్ సీన్'. 'ఐదేళ్లుగా ఇక్కడే పనిచేస్తున్నాను' అన్నది ఇంటర్వ్యూల్లో తరచూ తడబడే మాట. 'ఐ యామ్ వర్కింగ్' అంటే చాలదు, 'ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్' అనాలి. ఈ తేడాలు తెలుగులో చెబితే పూటలో అర్థమవుతాయి. పట్టికతో ఏడాదైనా తలకెక్కవు.

అయితే అర్థమైనంత మాత్రాన నోరు పెగలదు. అడ్డు పడేది బెరుకు. సంతలో ఆమె తమిళం మొదట్లో తప్పులతడకే అయ్యుంటుంది. బేరం తెగితే చాలు, తప్పెవరూ పట్టించుకోలేదు. తరగతిలో పిల్లవాడు మాట తడబడితే నలుగురూ నవ్వుతారు, మాస్టారు మధ్యలోనే ఆపి దిద్దుతారు. ఆ నవ్వుకు భయపడ్డ పిల్లలు ఆపై మూగనోము పడతారు.

పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. పన్నెండు రూపాలు తర్వాత చూసుకోవచ్చు. రోజూ చేసేది, ఇప్పుడు చేస్తున్నది, నిన్న చేసింది, రేపు చేయబోయేది - ఈ నాలుగూ నోటికి వస్తే సగం గండం గడిచినట్టే. 'గో-వెంట్', 'ఈట్-ఏట్' లాంటి దారికిరాని క్రియల్ని మాత్రం రోజుకు రెండు చొప్పున కంఠస్థం చేయక తప్పదు. రోజూ తరగతి మొదట్లో పది నిమిషాలు, నలుగురైదుగురు పిల్లలు నిన్నటి సంగతి చెప్పాలి. చెప్పేది పూర్తయ్యాక ఒకే ఒక్క తప్పు దిద్దాలి. మిగతావి రేపటికి. ఇంట్లో అక్క తమ్ముడితో, పనికెళ్లే కుర్రాళ్లు బస్సులో పక్కనున్న స్నేహితుడితో ఇదే పని చేయొచ్చు.

ప్రభుత్వాలూ తమ వంతు చేయాలి. 1956లో ఏడో సవరణతో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణ, భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించేందుకు రాష్ట్రాలు, స్థానిక సంస్థలు కృషి చేయాలని నిర్దేశించింది. దాన్ని తెలుగు వాచకానికే పరిమితం చేయడం సరికాదు. సరిహద్దు బడుల్లో తెలుగు తెలిసిన ఉపాధ్యాయుడుంటే ఇంగ్లిష్ పాఠం కూడా పిల్లల బుర్రకు సూటిగా చేరుతుంది. తెలుగు సంఘాలు ఉగాది వేడుకలతో సరిపెట్టక, ఆదివారం ఓ గంట పిల్లల్ని కూర్చోబెట్టి మాట్లాడిస్తే అంతకు మించిన భాషాసేవ ఉండదు.

రెండు మూడు భాషలు అవలీలగా మాట్లాడే ఊళ్లు మనవి. ఇంకో భాష మనకు బరువు కాదు. తప్పు మాట్లాడితే తల తెగిపోదు. అసలు మాట్లాడకపోతేనే బతుకుతెరువు చేజారుతుంది. కాబట్టి పిల్లల నోట తెలుగు ఆపకండి, ఇంగ్లిష్ మాటకు నవ్వకండి. ఆ రెండూ చేస్తే మిగతాది వాళ్లే నేర్చుకుంటారు.