నైజాం ఏరియా

ప్రతి శుక్రవారం ఫిల్మ్‌నగర్‌లో కొత్త సినిమా లెక్కలు వేస్తారు. నైజాం ఎంత, సీడెడ్ ఎంత, ఆంధ్రా ఎంత? సీడెడ్ అంటే 1800లో నిజాం కంపెనీ వాళ్లకు రాసిచ్చిన జిల్లాలు. నైజాం అంటే తన దగ్గర మిగుల్చుకున్నది. ఆ రాజ్యం పోయి డెబ్బై ఏళ్లు దాటింది. డిస్ట్రిబ్యూటర్ల పటంలో మాత్రం దాని పేరు చెరిగిపోలేదు. వసూళ్లకు పనికొచ్చిన ఆ దేశం గురించి కథ రాయాల్సి వచ్చేసరికి వీళ్ల దగ్గర ఒకే ఒక్క మాట ఉంటుంది: రజాకార్.

మేం ఆ కొండ దిగువన బోరబండలో ఉంటాం. నియోజకవర్గం పేరు జూబ్లీహిల్స్. ఓట్లప్పుడు మేమూ జూబ్లీహిల్స్ వాళ్లమే! మా గల్లీల నుంచి డ్రైవర్లు, టైలర్లు, వడ్రంగులు, జూనియర్ ఆర్టిస్టులు పొద్దున్నే పైకి పోయి రాత్రికి దిగొస్తారు. పాతబస్తీ సీనుకు గడ్డాలూ టోపీలూ కావాలంటే మావాళ్లనే పిలుస్తారు. డైలాగంటూ ఇస్తే 'నీకి, నాకి' అనే తెలుగు ఇస్తారు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడుతూ, రెండింట్లోనూ వార్తలు రాసి బతుకుతున్నాం. మా రెండు భాషల్ని కలిపి ఒక నవ్వులాటగా చేసి మాకే టిక్కెట్టు పెట్టి అమ్ముతున్నారు.

ఇంతకీ ఆ దేశం ఏమిటి? 82 వేల చదరపు మైళ్లు, 1941 నాటికి కోటీ అరవై లక్షల జనం. అందులో దాదాపు సగం మంది తెలుగువాళ్లు, తర్వాత మరాఠీలు, కన్నడిగులు, ఉర్దూ వాళ్లు. సొంత నాణెం, సొంత రైలు, సొంత టపా. పైన ఇంగ్లీషు రెసిడెంటు. ఎవరి కిందా లేకుండా బతికింది 1947 ఆగస్టు 15 నుంచి 1948 సెప్టెంబరు 17 దాకా, పదమూడు నెలలు. ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబరు 16న పారిస్‌లో మండలి దాన్ని విచారణకు తీసుకుంది. మర్నాటికి ఇక్కడ లొంగుబాటు అయిపోయింది. ఆ తర్వాత కూడా 'హైదరాబాద్ ప్రశ్న' మండలి జాబితాలో ఏళ్ల తరబడి ఉండిపోయింది. ఆ రోజుల్లో లండన్ బ్యాంకుకు పంపిన పది లక్షల పౌండ్ల తగాదా 2019 అక్టోబరులో గానీ తెగలేదు. అప్పటికి అది మూడున్నర కోట్ల పౌండ్లయింది.

అదే ఏళ్లలో హైదరాబాద్ ప్రపంచానికి ఏమిచ్చిందంటే వజ్రాలూ బిర్యానీ అంటారు. వజ్రాలు భూమి ఇచ్చింది. మనుషులు ఇచ్చింది వేరే. ఇంగ్లీషు లేకుండా పై చదువు లేదనే కాలంలో, 1918లో ఏర్పడిన ఉస్మానియా ఉర్దూలో పాఠాలు మొదలుపెట్టింది. దానికోసం ఒక తర్జుమా శాఖ కూర్చుని సైన్సునూ చట్టాన్నీ చరిత్రనూ ఉర్దూలోకి దించింది. దాయిరతుల్ మారిఫ్ అచ్చువేసిన పాత అరబ్బీ గ్రంథాలు అరబ్ దేశాల పండితులే వెతుక్కుని చదివారు. పిక్తాల్ ఇంగ్లీషు ఖురాన్ తర్జుమా నిజాం కొలువులో పూర్తయి 1930లో వెలువడింది. నిజాం ఫౌజులో జమాదారీ చేసిన యెమెన్ అరబ్బులు ఇక్కడి సంపాదనతో తమ హద్రమౌత్‌లో ఖుఐతీ సుల్తానేట్‌నే నిలబెట్టుకున్నారు. వాళ్ల బంధువులే మన బార్కాస్‌లో ఉన్నారు. ఉస్మానియాలో చదివి, అక్కడే పాఠాలు చెప్పిన ముహమ్మద్ హమీదుల్లా 1948లో రాజ్యం తరఫున బయటికి వెళ్లాడు. ఆయన అక్కడుండగానే దేశం పోయింది. దేశం లేని మనిషిగానే పారిస్‌లో ఉండిపోయి ఖురాన్‌ను ఫ్రెంచిలోకి తర్జుమా చేశాడు. 2002లో అమెరికాలో చనిపోయాడు. ఈ బతుకు ఒక్క తెలుగు స్క్రిప్టుకైనా పనికిరాదా?

ఇక్కడ మావాళ్లకూ ఒక మాట చెప్పాలి. నిజాం నగల ప్రదర్శన చూసి కళ్లు తుడుచుకునే నవాబీ బాపతు మాకు చుట్టం కాదు. ఆ నగల్లో మా తాతల పాలు ఏమీ లేదు. వాళ్లు జట్కాలు తోలారు, బీడీలు చుట్టారు, దేవుడీల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. తెలుగు పిల్లవాడికి అమ్మ భాషలో బడి లేకుండా చేసిన మాటా నిజమే, ఖాసిం రజ్వీ మూకలు ఊళ్లు కాల్చిన మాటా నిజమే. దాన్ని దాస్తే మాకేం ఒరగదు. విసునూరు దేశ్‌ముఖ్ ఏ మతం వాడో కూడా అదే నోటితో చెప్పమంటున్నాం. ఆ దేశ్‌ముఖ్ మీద కోర్టులో గెలిచిన బందగీని 1940లో నరికి చంపారు. ఆ రైతు ఏ మతం వాడు? రజాకార్లను ఎదిరించి రాసినందుకు 1948 ఆగస్టులో హత్యకు గురైన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్ ఏ మతం వాడు? మఖ్దూం మొహియుద్దీన్ ఎవరు?

పోలీసు చర్య తర్వాత ఏం జరిగిందో చూసి రమ్మని నెహ్రూయే పండిత్ సుందర్‌లాల్‌ను, ఖాజీ అబ్దుల్ గఫార్‌ను పంపాడు. తక్కువలో తక్కువ అనుకున్నా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని ఆ కమిటీ రాసింది. ప్రాణాలకు తెగించి ముస్లిం పొరుగువాళ్లను కాపాడిన హిందువుల గురించీ రాసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బీరువా దాటలేదు. 2013లో నూరానీ పుస్తకంతో గానీ జనానికి అందలేదు. అన్నిటికన్నా ఎక్కువ చావులు ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో. 1956 నవంబరు 1న రాజ్యాన్ని మూడు ముక్కలు చేసినప్పుడు ఉస్మానాబాద్, నాందేడ్ బొంబాయికి, బీదర్, గుల్బర్గా మైసూరుకు పోయాయి. భూమితో పాటు శవాలూ పంపకమైపోయాయి. తెలుగు చరిత్రకు రజాకార్లు మిగిలారు, ఆ చావులు 'పక్క రాష్ట్రం సంగతి' అయ్యాయి. ఉస్మానాబాద్‌కు ఇప్పుడు ఆ పేరు కూడా లేదు, ధారాశివ్. సాయుధ పోరాటం గురించి గ్రంథాలు రాసిన మన సెక్యులర్ మిత్రుల్లో కూడా చాలామంది ఈ సంగతిని ఒక వాక్యంలో దాటేశారు. దిగిన సైన్యం ఆ తర్వాత 1951 దాకా తెలంగాణ రైతును వేటాడిందని మాత్రం బాగా రాశారు. ఆ రెండూ ఒకే సైన్యం పనులు కదా!

పోయినవి ప్రాణాలే కాదు. దఫ్తర్ల భాష మారింది. ఉర్దూలో చదివి గుమాస్తా అయినవాడు తెల్లారేసరికి ఏమీ చదవనివాడయ్యాడు. ఎందరో నౌకరీలు పోగొట్టుకుని రిక్షా ఎక్కారు, కూర్చోవడానికి కాదు, తొక్కడానికి. బోరబండలాంటి బస్తీల్లో పంక్చర్ దుకాణాలు ఎక్కణ్ణుంచి వచ్చాయో కనుక్కునే వాళ్లు అక్కణ్ణుంచి మొదలుపెట్టాలి.

ఇప్పుడు సెప్టెంబరు 17కు పూటకో పేరు. 2022లో కేంద్రం విమోచన దినం అంది, రాష్ట్రం సమైక్యతా దినం అంది. 2023 చివర్లో వచ్చిన ప్రభుత్వం 2024లో ప్రజాపాలన దినం అంది. ఆ రోజు మా పిల్లలు బళ్లో ఎవరి నుంచి విమోచన పొందినట్టు నిలబడాలి? 2024 మార్చిలో, లోక్‌సభ ఎన్నికల ముంగిట, 'రజాకార్' అనే సినిమా వచ్చింది. ఉపశీర్షికలో జినోసైడ్ అని పెట్టుకున్నారు. ఆ మాట వాడాలనుకున్నవాళ్లు సుందర్‌లాల్ లెక్క కూడా పక్కన పెట్టుకుని వాడాలి. ఆ సినిమా ఆడిన వారాల్లో మా కుర్రాళ్లను ఆటపట్టించే మాట కూడా మారింది. 'పాకిస్తాన్' పోయి 'రజాకార్' వచ్చింది.

తెలుగు సినిమాకు చేతకాదని అనం. 1979లో గౌతం ఘోష్ తీసిన 'మాభూమి' తెలంగాణ రైతు సినిమా. దాని మూలం కృషన్ చందర్ రాసిన ఉర్దూ నవల. అంతకు ముందు 1947లోనే సుంకర, వాసిరెడ్డి కోస్తా నుంచి వచ్చి బందగీ కథను నాటకం కట్టారు, ఊరూరా ఆడించారు. జూబ్లీహిల్స్ కొండ మీద అప్పటికి బండరాళ్లే ఉన్నాయి.

ఇంకో రజాకార్ సినిమా ఎలాగూ వస్తుంది. వేషాలకు మనుషుల కోసం వ్యాను మళ్లీ మా గల్లీకే దిగుతుంది. కూలీ కావాలి కాబట్టి మావాళ్లు ఎక్కుతారు, వద్దనే హక్కు మాకు లేదు. ఈసారి వచ్చిన ఏజెంటును మాత్రం బందగీ వేషం ఎవరికిస్తున్నారని అడుగుతాం.